నైసియాలో బైబిల్‌కు ఓట్లు వేయలేదు: ఆది సంఘ చరిత్రపై అపోహలు - వాస్తవాలు

వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర బోధిస్తాను. క్రిస్మస్, ఈస్టర్ దగ్గరపడితే చాలు, బైబిల్‌ను ఒక రాజు ఓట్లు వేయించి తయారు చేయించాడనే ఒకే వీడియో నా ఫోనుకు పది వైపుల నుంచి వస్తుంది. పంపేవారిలో వెటకారం చేసేవారు కొందరే. ఎక్కువమంది నిజంగా కలవరపడి, "ఇది నిజమేనా సార్?" అని అడిగేవారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 325లో నైసియాలో (నేటి టర్కీ) జరిగిన బిషప్పుల సభలో ఓట్లు వేయించి, తనకు నచ్చిన పుస్తకాలతో బైబిల్ తయారు చేయించాడు.

ఆ సభ చేసిన 20 నియమాలు నేటికీ ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. ఆరోగ్యంగా ఉండీ తనను తాను నపుంసకుణ్ణి చేసుకున్నవాడు సంఘ గురువుగా (ప్రీస్టుగా) ఉండకూడదని మొదటి నియమం. గురువులు వడ్డీ వ్యాపారం చేయకూడదని పదిహేడోది. ఆదివారాల్లో మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని చివరిది. ఏ పుస్తకాలు లేఖనాలు, ఏవి కావు అన్న ఊసే వాటిలో లేదు. సభ కూర్చున్నది ముఖ్యంగా అలెగ్జాండ్రియా సంఘ పెద్ద ఏరియస్ బోధ (క్రీస్తు తండ్రితో సమానుడు కాదు, సృష్టించబడినవాడే అన్నది) గురించి, ఈస్టర్ తేదీ గురించి. సభ రాసిన విశ్వాస ప్రమాణానికి చివరిదాకా ఒప్పుకోని బిషప్పులు ఇద్దరే, ఇద్దరూ లిబియావారు.

మరి ఈ కథ ఎలా పుట్టింది? పుస్తకాలన్నీ బల్ల దగ్గర పెట్టి ప్రార్థిస్తే అసలైనవి పైన, కల్పితాలు కింద కనిపించాయని 9వ శతాబ్దం చివర్లో ఒక గ్రీకు గ్రంథం రాసింది. అంటే సభ ముగిసిన ఐదు వందల ఏళ్ల పైచిలుకుకు! దాన్ని 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ రచయిత వోల్తేర్ యూరప్ అంతా తిప్పాడు. కాన్‌స్టాంటైన్ లేఖనాల ప్రతులు 50 రాయించమని కైసరియ బిషప్ యూసేబియస్‌కు ఉత్తరం రాసిన మాట వాస్తవమే. కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో ఆలయాలు పెరుగుతున్నాయి, చదవడానికి ప్రతులు కావాలి. ఉన్నవాటికి నకళ్లు తీయించడం అది.

నన్ను అడిగితే అన్నింటికన్నా గట్టి సాక్ష్యం శత్రువులు రాసుకున్నదే. 303లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవ లేఖనాలను తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ మే నెల 19న ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా పట్టణంలో అధికారులు సంఘం కూడుకునే ఇంటిని సోదా చేశారు. గుమాస్తా రాసిన జాబితా మనకు దక్కింది: బంగారు పాత్రలు 2, వెండి పాత్రలు 6, ఆడవారి అంగీలు 82, ఆడవారి చెప్పులు 47 జతలు. పేదలకు పంచడానికి దాచినవి కాబోలు. పుస్తకాల బీరువాలు మాత్రం ఖాళీ. పెద్ద సంపుటం ఒక్కటే బయటికి వచ్చింది. మిగతావి ఏవని గద్దిస్తే, లేఖనాలు చదివి వినిపించేవారి దగ్గర ఉన్నాయన్నారు. ఇల్లిల్లూ తిరిగారు. బడిపంతులు విక్టర్ రెండు సంపుటాలు, కొన్ని విడి కట్టలు ఇచ్చాడు. కొడ్డియో అనే మరొకరి ఇంట్లో అతని భార్య ఆరు తెచ్చి ఇచ్చింది. నైసియా సభకు ఇంకా 22 ఏళ్లుంది. లేఖనాలను రాజు తయారు చేయిస్తే, ఈ ఇళ్లలో దొరికినవేమిటి?

పల్లెల్లో ఆదివారం ప్రసంగాలకు వెళ్లే నా విద్యార్థి ఒకడు ఆ వీడియో చూసి వెళ్లడం మానేశాడు. "రాజు ఏరిన పుస్తకాన్నా సార్, మా అమ్మ తలగడ పక్కన పెట్టుకుని పడుకునేది?" అన్నాడు. వాదించలేదు. సిర్తా సోదా కాగితం తరగతిలో అతని చేతే పైకి చదివించాను. చెప్పుల లెక్క దగ్గర ఆగి, "ఇది కల్పించి రాసేది కాదు సార్" అన్నాడు. ఇలాంటి కుర్రవాళ్ల నిద్ర చెడగొట్టి, చూసినవారి లెక్క పెంచుకునే వీడియోలంటే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు జరిగింది నెమ్మదిగా జరిగింది. సువార్తలు నాలుగేనని లియోన్ బిషప్ ఐరేనియస్ సుమారు 180లోనే గట్టిగా రాశాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక, 2 పేతురు, ప్రకటన వంటివాటిపై చాలాకాలం భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాన్ని దాచనక్కర్లేదు. నేటి 27 పుస్తకాలనే కొత్త నిబంధనగా చెప్పిన మొదటి జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ 367లో రాసిన ఈస్టర్ లేఖలో ఉంది. అప్పటికి కాన్‌స్టాంటైన్ చనిపోయి 30 ఏళ్లు.

అపోహ: క్రైస్తవాన్ని రాజమతం చేసింది కాన్‌స్టాంటైన్.

313లో ఇచ్చింది అన్ని మతాలకూ స్వేచ్ఛ. రాజమతం చేసింది 380లో థియోడోసియస్ చక్రవర్తి.

అపోహ: మూడు వందల ఏళ్లు క్రైస్తవులు రోమ్ సొరంగాల్లో దాక్కున్నారు.

అవి శ్మశానాలు. హింస కొన్నిచోట్ల, కొన్నికాలాల్లో భయంకరంగా చెలరేగింది. సామ్రాజ్యమంతటా క్రైస్తవులపై పడిన మొదటి దెబ్బ 250 ప్రాంతంలో, డెసియస్ చక్రవర్తి కాలంలో.

అపోహ: ఇది యూరప్ మతం, తెల్లవారు తెచ్చారు.

శిష్యులను మొదట క్రైస్తవులని పిలిచింది నేటి టర్కీలోని అంతియొకయలో. అర్మేనియా, ఆక్సుమ్ (నేటి ఇథియోపియా ప్రాంతం) రాజులు 4వ శతాబ్దంలోనే ఈ విశ్వాసం స్వీకరించారు. ఇక మన దేశం సంగతంటారా, వాస్కో డ గామా 1498లో వచ్చాడు. కేరళలోని కొల్లంలో తరిసాపల్లి ఆలయానికి వేణాడు పాలకుడు రాగి రేకులపై దానశాసనం రాయించింది 849లో. దానిపై సాక్షుల సంతకాలు పహ్లవీ (పాత పర్షియన్), అరబ్బీ, హీబ్రూ లిపుల్లో ఉన్నాయి.