పళ్ళు గట్టిపడాలంటే కాల్షియం మాత్రలా?

గుడ్డు పెంకు పొడి చేసుకుని తింటే పళ్ళు గట్టిపడతాయా, లేకపోతే కాల్షియం మాత్రలే వేసుకోవాలా అని ఒకావిడ అడిగారు. ఎముకల సంగతి వేరు. పెద్దవాళ్ళ పంటి మీద ఉండే గట్టి పొర, ఎనామెల్ దాకా ఆ కాల్షియం రక్తంలోంచి వెళ్ళే దారే లేదు. ఎనామెల్లో రక్తనాళాలు లేవు, కణాలూ లేవు. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని వచ్చేసరికే పోతాయి. మిగిలేది బరువులో సుమారు 96 శాతం ఖనిజం, కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసి కట్టిన స్ఫటికం, దాని పేరు హైడ్రాక్సీ అపటైట్. మరి దాన్ని రోజూ చూసుకునేది ఎవరు? మన ఉమ్మి!

ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం, కాస్త ఓపిగ్గా చదవండి. గ్లాసుడు నీళ్ళలో కల్లుప్పు వేసి కలుపుతూ పోతే ఒక దశలో ఇంక కరగదు, గళ్ళు అడుగున అలాగే ఉండిపోతాయి. ఇంకాసిని నీళ్ళు పోయండి, కరుగుతాయి. ఎండలో పెట్టండి, పెరుగుతాయి. ఎనామెల్ ఆ ఉప్పు గల్లు, ఉమ్మి ఆ చిక్కటి ఉప్పునీళ్ళు. ఉమ్మిలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎంత నిండుగా ఉంటాయంటే, అవి విరిగి పేరుకోకుండా ఆపడానికి స్టాథెరిన్ అనే ప్రొటీన్ కాపలా ఉండాలి. పాచిలో అవి పేరుకుని గట్టిపడితే అదే గార.

ఇప్పుడు చక్కెర టీ తాగారు. పాచిలోని బాక్టీరియా కొన్ని నిమిషాల్లోనే లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది, పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 5.5 కిందికి దిగుతుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు ఫాస్ఫేట్‌ని పట్టుకుని హైడ్రోజన్ ఫాస్ఫేట్‌గా, హైడ్రాక్సిల్‌ని నీళ్ళుగా మార్చేస్తాయి. కాల్షియం ఉన్నంతా ఉంది, కానీ స్ఫటికానికి కావలసిన జోడీ తగ్గిపోయింది, అంటే గ్లాసులో ఇంకాసిని నీళ్ళు పోసినట్టే, గల్లు కరుగుతుంది. ఉమ్మిలోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని విరిచి మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఒక్కసారి కూర్చుని లడ్డూ తినేయడం కంటే గంటగంటకీ తీపి టీ చప్పరించడమే పంటికి ఎక్కువ చేటు. పంటి పురుగు రాలుతుందని వాకుడు గింజల పొగ పట్టేవాళ్ళకి కూడా ఈ లెక్క చెప్పాలి, అక్కడ పురుగు లేదు, ఆమ్లం ఉంది.

ఫ్లోరైడ్ ఆ గల్లునే, అంటే ఎనామెల్ స్ఫటికాన్నే, మార్చేస్తుంది. హైడ్రాక్సిల్ స్థానంలో అది చేరితే ఫ్లోర్ అపటైట్, పీహెచ్ సుమారు 4.5 దాకా దిగితే గానీ కరగదు. పేస్టులో ఉన్న ఫ్లోరైడ్ చాలు, అది పళ్ళ మీద నిలవాలి కాబట్టి తోముకున్నాక ఉమ్మేయండి, నీళ్ళతో పదేపదే పుక్కిలించకండి.

సహజమైనదైతే మంచిదే అనుకునేవాళ్ళు నల్గొండని గుర్తుచేసుకోవాలి. అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ రాళ్ళలోంచి సహజంగా వచ్చిందే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు చిన్నప్పుడే ఏళ్ళ తరబడి తాగితే, తయారవుతున్న పళ్ళకి మచ్చలు పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలూ పాడవుతాయి. మన దేశంలో ఈ జబ్బు, ఫ్లోరోసిస్, గురించి తొలి నివేదిక 1937లో నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. పటిక, సున్నం వేసి ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు.

కాల్షియం, విటమిన్ డి పళ్ళకి నిజంగా పనికొచ్చేది అవి తయారయ్యే వయసులో. పెద్దవాళ్ళకి నేను వేసే ప్రశ్న ఒకటే, నోరు ఎండిపోతోందా? కొన్ని బీపీ మందులు, ఎలర్జీ మందులు ఉమ్మిని తగ్గిస్తాయి. మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి ఉమ్మి ఎండిపోతే నెలల్లోనే పళ్ళు పుచ్చిపోవచ్చు, అందుకే డెంటిస్టులు వాళ్ళకి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న జెల్ రాసిస్తారు.