పోయినసారి ఏం కాలే!

దీపావళి దగ్గరపడుతుంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల డాబాల మీద ఒక పని మొదలవుతుంది. తుస్సుమన్న టపాకాయలు ఏరుకొచ్చి, విప్పి, ఆ మందంతా ఒక కాగితం మీద పోస్తారు పిల్లలు. దాన్ని దేంట్లోనైనా కూరి అంటిస్తే ఇంకా పెద్ద చప్పుడొస్తుందని వాళ్ల లెక్క. ఆపబోతే, "పోయినసారి గూడ ఇట్లనే చేసినం ఆంటీ, ఏం కాలే" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. నన్ను భయపెట్టేది ఆ నిజమే.

టపాకాయ మందు ఆరుబయట కాగితం మీదుంటే బుస్సున మండి ఆరిపోతుంది. మూసేసిన గొట్టంలో మండితే పుట్టిన వాయువులకు బయటికి దారి ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మందు మండే వేగం పెరుగుతుంది. ఆ వేగంతో వాయువులు ఇంకా ఎక్కువ పుడతాయి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 1884లో పొగరాని తుపాకి మందు తయారుచేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వ్యేయ్ ఈ సంబంధాన్ని కొలిచి సూత్రంగా రాశాడు. ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ ఉంది, అది మొరాయిస్తే సేఫ్టీ వాల్వ్ ఉంది. పిల్లలు మందు కూరే ప్లాస్టిక్ పైపుకు ఆ రెండూ లేవు. అది ఎప్పుడు పగులుతుందో తేల్చేది అందులోని అన్నిటికన్నా బలహీనమైన చోటు. ఆ చోటు ఎక్కడుందో పైకి కనిపించదు.

ఇక పోయినసారికీ ఈసారికీ తేడా. మందు పొడి ఎంత మెత్తగా నలిగింది, ఎంత చెమ్మ పట్టింది, ఎంత గట్టిగా దట్టించారు, వీటిలో ఏ ఒక్కటి మారినా ఫలితం మారుతుంది. వాన తెరిపిచ్చి గాలి పొడిబారిన రోజున సింథటిక్ చొక్కా మీద పోగయ్యే స్థిర విద్యుత్తు కూడా లెక్కలోకి వస్తుంది. ఇవేవీ పిల్లలు కొలవరు, కొలవలేరు. అందుకే గతంలో ఏమీ జరగలేదన్నది ఇక్కడ సాక్ష్యం కాదు. ప్రమాదానికి ఎంత దగ్గరగా వెళ్లి వచ్చారో అది చెప్పదు.

కొన్ని మిశ్రమాలకు నిప్పు కూడా అక్కర్లేదు, రాపిడి చాలు. గంధకం, క్లోరేటు కలిసిన మందులను కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబుల సంచి రోడ్డు మీద గుంత కుదుపుకు పేలి ఒకరు చనిపోయారు, చుట్టుపక్కల వాళ్లకూ గాయాలయ్యాయి. అక్కడ ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

చదువుకున్నవాళ్లం, జాగ్రత్తగా చేస్తాం అనే ఇంజినీరింగ్ విద్యార్థులకు రసాయన శాస్త్ర చరిత్రను గుర్తుచేయాలి. నైట్రోజన్ ట్రైక్లోరైడ్‌ను కనుగొన్న డ్యులాంగ్ దాని పేలుడులోనే ఒక కన్ను, వేళ్లు పోగొట్టుకున్నాడు. 1812లో అదే పదార్థం హంఫ్రీ డేవీ కంటిని గాయపరిస్తే, రాసిపెట్టడానికి మైఖేల్ ఫారడే సాయం తీసుకోవాల్సి వచ్చింది. బున్సెన్‌కు ఒక కంటి చూపు ప్రయోగశాల పేలుడులోనే పోయింది. 1864లో స్టాక్‌హోమ్‌లో నైట్రోగ్లిజరిన్ పేలి నోబెల్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. తాము ఏం చేస్తున్నారో వీళ్లకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ కాలంలో అరుదు.

కన్ను గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. రెప్ప పడటానికి దాదాపు సెకనులో పదోవంతు పడుతుంది. సెకనుకు 100 మీటర్ల వేగంతో వచ్చే పెంకు ఆలోపే 10 మీటర్లు దాటుతుంది. ముందుండే కార్నియా మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా దీపావళి రాత్రి వచ్చే క్షతగాత్రుల్లో పేల్చినవాళ్లే కాదు, పక్కన నిలబడి చూసినవాళ్లు కూడా ఉంటారు. పేలని టపాకాయ మీదికి వంగి చూసే పిల్లవాడు ఏటా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటాడు.

2025 దీపావళికి భోపాల్‌లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ గొట్టంతో చేసే చప్పుడు తుపాకులు, కార్బైడ్ గన్‌లు, చాలామంది పిల్లల కళ్లను దెబ్బతీశాయి, కొందరికి చూపే పోయింది. రీల్స్‌లో చూసి కొన్నవీ, ఇంట్లో చేసుకున్నవీ. వాటిలో వేసేది మామిడిపళ్లు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కాల్షియం కార్బైడే. నీళ్లు తగిలితే ఎసిటిలిన్ వాయువు వస్తుంది. గాలిలో రెండున్నర శాతం నుంచి 80 శాతం దాకా ఎంత కలిసినా అది అంటుకోగలదు. వంటగ్యాస్‌కు ఆ పరిధి 2 నుంచి 10 శాతం లోపే. మిగిలేది సున్నం. అది కంట్లో పడితే క్షారం కణాల పొరల్లోని కొవ్వును కరిగిస్తూ లోపలికి చొచ్చుకుపోతుంది. చాలా ఆమ్లాలు పైపొర దగ్గరే ఆగుతాయి గాని, క్షారం ఆగదు. ఆ గన్ పేలలేదేమని గొట్టంలోకి తొంగిచూసిన పిల్లలు కూడా బలయ్యారు.

లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారమే నేరం. పిల్లవాడికి చట్టం కన్నా తల్లిదండ్రుల మాట దగ్గర. అయితే అరిచి కొడితే ఆ పని డాబా మీంచి ఎవరూ చూడని వాటర్ ట్యాంకు వెనక్కి మారుతుంది, అది ఇంకా ప్రమాదం. వాడికి మంటల మీద ఆసక్తి ఉంటే నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. స్కూల్ ల్యాబ్‌లో కెమిస్ట్రీ సారు ముందు చేయించండి. ఆ ఆసక్తిని చంపొద్దని నా ప్రార్థన.

అయినా జరిగిందనుకోండి. కంట్లో సున్నం, మందు పొడి పడితే ఆలస్యం చేయకుండా ధారగా వచ్చే మంచినీళ్లతో కనీసం పావుగంట కడుగుతూ ఉండాలి, తర్వాతే ప్రయాణం. పెంకు గుచ్చుకుంటే మాత్రం కడగొద్దు, నలపొద్దు, లాగొద్దు. కాగితం కప్పు లాంటిది కంటికి తగలకుండా పైన అడ్డం పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. కాలిన చోట పసుపు, టూత్‌పేస్టు, సిరా రాయకుండా 20 నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద ఉంచాలి. వేలు తెగిపోతే దాన్ని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు మీద ఉంచి 108కి ఫోన్ చేయాలి. వేలికి ఐసు నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి, తిరిగి అతికించే అవకాశం పోతుంది.