పాత నాణేలు, ఆన్‌లైన్ వేలం: డబ్బు ఎక్కడ పోతుంది? (అపోహలు - వాస్తవాలు)

నాణేల వ్యాపారంలో ఉన్న మాలాంటివాళ్లకి ఫోన్లు రెండు రకాలుగా వస్తాయి. "మా దగ్గర వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్ల ఉందండీ, ఎన్ని లక్షలిస్తారు?" అనేది మొదటి రకం. "వేలంలో పెట్టానన్నా, సగానికి సగం పోయింది, ఏం జరిగిందంటావ్?" అనేది రెండో రకం. మొదటిదానికి జవాబు నిమిషంలో తేలిపోతుంది. రెండోదానికే ఇంత రాయాల్సి వస్తోంది.

అపోహ: నెట్‌లో ఆ నాణేనికి లక్షల్లో రేటు పెట్టారు, కాబట్టి నాదీ అంతే.

అది అడిగిన రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. ఎవరైనా ఏ నాణేనికైనా కోటి రూపాయలని రాసి పెట్టుకోవచ్చు, అడ్డేముంది? చూడాల్సింది ముగిసిన వేలాల్లో తేలిన ధర. మాతా వైష్ణోదేవి నాణేలు 2012లో ఆలయ బోర్డు పాతికేళ్ల సందర్భంగా అయిదు, పది రూపాయల విలువల్లో వచ్చాయి. కిళ్లీ కొట్టులో చిల్లరగా చేతులు మారినవే. సేకరించేవాళ్లు ముఖవిలువ మీద కాస్త ఎక్కువిచ్చి తీసుకుంటారు, అంతే. తామరపువ్వు ఉన్న పాత ఇరవై పైసల బిళ్లలో బంగారం కలిసి ఉందన్న మాట కూడా అలాంటిదే. అది అల్యూమినియం కంచు.

లక్షలిస్తామని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి, ముందు "రిజిస్ట్రేషన్", తర్వాత "జీఎస్టీ", ఆ తర్వాత "ఆర్బీఐ కమీషన్" అంటూ డబ్బు కట్టించుకునేవాళ్లు కొనడానికి రాలేదని అర్థం. పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, వాటికి ఎలాంటి ఫీజూ తీసుకోమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. డబ్బు మీ ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. కొట్టమన్నారంటే మీ డబ్బు పోతోందని లెక్క. పోయాక ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రాముడో హనుమంతుడో ఉండి 1818 అని రాసున్న "ఈస్టిండియా కంపెనీ అణా" చూపించి, దానికి బియ్యాన్ని లాక్కునే మహిమ ఉందంటూ "రైస్ పుల్లింగ్" పేరుతో మోసం చేసేవాళ్ల సంగతి మళ్లీ చెప్పాలా? కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుకున్నవాళ్లే ఇందులో పొలాలు అమ్ముకున్నారు.

అపోహ: ఒక్క రూపాయితో మొదలుపెడితే జనం ఎగబడతారు, ధర దానంతటదే పెరుగుతుంది.

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

వేలంలో ధర తేల్చేది గెలిచినవాడు అనుకుంటాం. నిజానికి అది రెండోవాడి చేతిలో ఉంటుంది. ఆటోమేటిక్ బిడ్డింగ్ ఉన్న సైట్లో నేను 9,000 వరకు వెళ్దామని గరిష్ఠ బిడ్ పెట్టుకున్నాననుకోండి. రెండో ఆసామి 2,100 దగ్గర ఆగిపోతే ఆ నాణెం నాకు 2,200కే వస్తుంది. మిగతా 6,800 నా జేబులోనే ఉండిపోతుంది, మీ దాకా రాదు. నేనెంత మనసుపడ్డానన్నది మీకు తెలిసే అవకాశం కూడా లేదు.

కాబట్టి ఈ నాణెం గట్టిగా కావాలనుకునేవాళ్లు ఈ రాత్రి ఈ వేలంలో ఇద్దరైనా ఉన్నారా అని ముందే చూసుకోవాలి. అయిదో జార్జి వెండి రూపాయి, బంగారు సావరిన్ లాంటివాటికి ఎప్పుడూ పదిమంది ఉంటారు, తక్కువతో మొదలుపెట్టినా సుమారుగా దారిలో పడతాయి. శాతవాహనుల సీసపు నాణేనికో, కుతుబ్‌షాహీల రాగి నాణేనికో దేశమంతా గాలించినా కొనేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఒకరు పెళ్లికి వెళ్లి, ఇంకొకరు ఆ నెల డబ్బు సర్దుబాటు కాక ఊరుకున్నారంటే, మిగిలిన ఒక్కడే ఒక్క రూపాయికి పట్టుకుపోతాడు. అలాంటి లాట్లకి (వేలానికి పెట్టే సరుకుకి) మీకు గిట్టే కనీస ధరే ప్రారంభ ధర కావాలి. అమ్ముడుపోకపోతే నాణెం మీ దగ్గరే ఉంటుంది కదా, నష్టమేముంది?

వాట్సాప్ గ్రూపు వేలాల్లో ఇది మరీ ఎక్కువ. "బేస్ 500, రాత్రి తొమ్మిదిన్నరకు క్లోజ్" అని పెడతారు. గ్రూపులో మూడొందల మంది ఉన్నా బిడ్ వేసేది అయిదారుగురు. ఐపీఎల్ మ్యాచ్ ఆఖరి ఓవర్లలో క్లోజింగ్ పెట్టుకుంటే ఆ అయిదారుగురు కూడా ఉండరు. నెలాఖరులో పెట్టిన లాట్ల సంగతీ అంతే. జీతాలు పడ్డ వారంలో పెట్టిన నాణేనికి, 28వ తారీఖున పెట్టినదానికి తేడా ఎవరికైనా కనిపిస్తుంది.

"అయితే బావమరిదితో రెండు బిడ్లు వేయిస్తే సరి" అనే తెలివి చాలామందికి వస్తుంది. అప్పుడు సాధారణంగా ఏమవుతుందంటే బావమరిదే గెలుస్తాడు. మీ నాణేన్ని మీరే కొనుక్కుని వేలం సంస్థకు రెండువైపులా కమీషన్ కడతారు. దొరికిపోతే అకౌంట్ కూడా పోతుంది.

ఇక వెండి నాణేలకి ఇంకో లెక్క ఉంది. విక్టోరియా రాణి కాలం నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అంటే సుమారు 10.7 గ్రాముల శుద్ధ వెండి. 1940 నుంచి 1945 వరకు వచ్చినవాటిలో సగమే వెండి. 2025లో వెండి ధర ఎగబాకుతున్నప్పుడు, రెండేళ్ల కిందటి కేటలాగ్ రేటు చూసి బేస్ ధర పెట్టినవాళ్లు కొన్ని మామూలు రూపాయలను కరిగిస్తే వచ్చేదానికంటే తక్కువకే ఇచ్చేశారు. లాట్ పెట్టే రోజు ఉదయం వెండి రేటు చూసి, 1939 దాకా వచ్చినవాటికైతే అరుగుదల పోను పదిన్నర గ్రాములతో గుణించి, ఆ కిందికి దిగకండి. అయిదు నిమిషాల పని.

అపోహ: 10,000కి పలికింది, 10,000 వస్తుంది.

పెద్ద వేలం సంస్థలు కొనేవాడి దగ్గర కూడా ప్రీమియం తీసుకుంటాయి. అనుభవం ఉన్న బిడ్డరు అదంతా ముందే తీసేసి బిడ్ వేస్తాడు. ఉదాహరణకి ప్రీమియం పన్నుతో కలిపి 20 శాతం అనుకుందాం. ఒకతను మొత్తం 12,000 దాకా పెట్టగలిగితే అతని బిడ్ 10,000 దగ్గరే ఆగుతుంది. ఇటు మీ వైపు కమీషన్ పది శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 1,180 పోతుంది. ఫోటో, కేటలాగ్ ఖర్చు విడిగా వేసేవాళ్లున్నారు. నాణేలను ముంబయికో బెంగళూరుకో ఇన్సూరెన్స్‌తో పంపే ఖర్చు మీదే. అన్నీ పోగా 8,500 మిగిలితే బాగానే మిగిలినట్టు. ఆ డబ్బు కూడా వేలమైన వారానికే రాదు. కొన్నవాడు కట్టాలి, సంస్థ లెక్క తేల్చాలి, ఒకటి రెండు నెలలు చూసుకోండి.

అదే నాణేనికి కోఠిలో డీలరు 8,500 చేతిలో పెట్టి ఉంటే "దోచుకుంటున్నాడు" అని తిట్టుకుని బయటికొచ్చేవాళ్లం. డీలర్లందరూ సత్యహరిశ్చంద్రులని నేననను, నేనూ లాభం చూసుకునే కొంటాను. కానీ పోల్చాల్సింది వేలంలో చివరికి చేతికొచ్చే మొత్తంతో, సుత్తి పడ్డ ధరతో, అంటే వేలంలో పలికిన ధరతో కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఈబేలో ఫీజు నాణెం ధర మీదే కాదు, కొనేవాడు కట్టే షిప్పింగ్, సేల్స్ ట్యాక్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. అది 13 శాతం పైచిలుకు. అమెరికా టంకశాల వేసే ఒక ఔన్సు వెండి నాణెం సిల్వర్ ఈగిల్ లాంటిదానికి వెండి విలువ మీద ఉండే అదనమే కొంచెం. ఫీజు ఆ కొంచెమూ మింగేసి వెండిలోకీ చేయి పెడుతుంది. అలాంటివి ఊళ్లోని కాయిన్ షాపులో, వెండి రేటు దరిదాపుల్లో ఇచ్చేయడమే మేలు.

అపోహ: "నిజాం నాణెం, చాలా పాతది" అని రాస్తే చాలు, తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

తెలిసినవాళ్లకి అర్థమవుతుంది, నిజమే. అందుకే వాళ్లు చవగ్గా కొట్టేస్తారు.

చార్మినార్ రూపాయినే తీసుకోండి. 11.18 గ్రాములు, 81.8 శాతం వెండి. తెలంగాణ ఇళ్లలో ఇప్పటికీ మూటల్లో దొరుకుతుంది. నాణెం మీద చార్మినార్ కమాను గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. "మీమ్" ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. "ఐన్" ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మహబూబ్ అలీ 1911లో చనిపోయాడు, అది హిజ్రీ 1329. అందుకే 1329 తేదీతో రెండు రకాలూ ఉన్నాయి. ఉస్మాన్ అలీ మొదటి నాణేల్లో ఆ ఐన్ పూర్తిగా ఉండదు, పైభాగం మాత్రమే ఉంటుంది. తర్వాతివాటిలో నిండుగా ఉంటుంది. సేకరించేవాళ్లు ఈ రెంటినీ వేరువేరుగా చూస్తారు.

ఇప్పుడు మీ లిస్టింగ్ చూసుకోండి. హిజ్రీ సంవత్సరం లేదు, పాలనా సంవత్సరం లేదు, గుమ్మంలో అక్షరం కనిపించని మసక ఫోటో, వెనక పూలపూల దుప్పటి. అలాంటిదాంట్లో మంచి రకం ఉందని పసిగట్టినవాడు నోరు మెదపడు. మిగతావాళ్లు మామూలు నాణెం రేటే వేస్తారు. పైన చెప్పిన, ధర తేల్చే రెండో బిడ్డరు మాయమైపోయాడన్నమాట.

రెండు వైపులా, పక్క నుంచి కాస్త వెలుతురు పడేలా, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. అంచు ఫోటో ఒకటి. చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి బరువు కనిపించేలా ఇంకొకటి. బ్రిటిష్ రూపాయలైతే టంకశాల గుర్తు కనిపించాలి. గణతంత్ర భారత నాణేలకైతే తేదీ కింద చూడాలి: హైదరాబాదుది నక్షత్రం, ముంబయిది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతాకి గుర్తే ఉండదు. ఒకే ఏడాది నాణేల్లో ఒక టంకశాలది మామూలుగా, ఇంకోదానిది అరుదుగా ఉండటం కద్దు.

అపోహ: తళతళలాడితే ఎక్కువ రేటు.

చింతపండు వద్దు. పీతాంబరి వద్దు. విభూతి, పళ్లపొడి, నిమ్మకాయ, బ్రాసో ఏవీ వద్దు. వందేళ్లుగా నాణెం మీద పట్టిన ఆ నల్లటి, గోధుమరంగు పొరనే కొనేవాళ్లు చూస్తారు. తోమిన నాణెం భూతద్దం కింద సన్నగీతలతో బయటపడిపోతుంది, మంచి నాణెమైతే విలువలో సగం అక్కడే పోతుంది. కాసులపేరు నుంచి తీసిన నాణేలకీ, మెడలో వేసుకోవడానికి రింగు అతికించి తర్వాత ఊడదీసిన రూపాయలకీ అంచు మీద టంకం మచ్చ ఉంటుంది. దాన్ని అరగదీసి దాచొద్దు. ఫోటోలో చూపించి, ఉన్నదున్నట్టు రాసి, లోహం విలువకి దగ్గరగా అడగండి. దాచి అమ్మితే వెనక్కొస్తుంది, రానూపోనూ ఖర్చు మీదే.

అపోహ: గ్రేడింగ్ చేయించి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిస్తే రేటు రెట్టింపు.

1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి విషయంలో ఇది నిజం. అది అరుదు. 1938 నాణెం మీద ఆఖరి అంకె మార్చిన నకిలీలు ఎన్నో తిరుగుతున్నాయి కాబట్టి నాణెం అసలుదా కాదా, ఎంత బాగుందో తేల్చి గ్రేడ్ ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థల ముద్ర లేకుండా ఎవరూ నమ్మరు. పదిహేను వందలు పలికే రూపాయి నాణేన్ని గ్రేడింగ్‌కి పంపితే మాత్రం ఫీజు, పంపడం, తెప్పించడం కలిపి నాణెం ధరను మించిపోవచ్చు. తోమిన నాణేన్ని పంపితే "క్లీన్డ్" అని రాసి మరీ తిరిగిస్తారు.

అపోహ: స్మారక నాణేలు కొని దాచుకుంటే పెట్టుబడి.

ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు. హైదరాబాద్ టంకశాలలోనే తయారైంది. అందులో వెండి సగం. ప్యాకింగును బట్టి నాలుగు వేలు, ఆపైన పెట్టి కొన్నారు మనవాళ్లు. అభిమానంతో కొన్నవాళ్లకి ఆ డబ్బు సార్థకమే. మర్నాటి నుంచే వేలంలో పెట్టినవాళ్లతోనే నా పేచీ. టంకశాల అదే నాణేన్ని అసలు ధరకి ఇస్తున్నంతకాలం మీ దగ్గర ఎక్కువిచ్చి ఎవరు కొంటారు? పైగా మీరు కట్టినదాంట్లో డబ్బా, ఫోల్డరు, పన్ను అన్నీ ఉన్నాయి. వాటికి తిరిగి డబ్బివ్వరు.

అపోహ: విదేశీ కొనుగోలుదారు అయితే డాలర్లలో ఇస్తాడు.

ఇస్తాడు. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. ఏటేటా ఆ గీత ముందుకు జరుగుతుంటుంది. మొన్నటిదాకా ఫర్వాలేదనుకున్న 1920 నాటి రూపాయి ఇప్పుడు ఆ గీతకి అవతల ఉంది. కస్టమ్స్ పట్టుకుంటే నాణెం పోవడంతో ఆగదు, చట్టంలో కనీసం ఆరు నెలల జైలుశిక్ష రాసుంది. పొలంలో దున్నుతుంటే దొరికినవైతే అసలు వేలం మాటే ఎత్తకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

అపోహ: కొరియర్‌లో వేసేశాక మన బాధ్యత తీరిపోయింది.

చాలా ప్రైవేటు కొరియర్లు నాణేలను తమ నిషేధిత వస్తువుల జాబితాలో పెట్టుకుంటాయి. "స్టీలు సామాను" అని రాసి పంపితే, పోయినప్పుడు స్టీలు సామానుకిచ్చే పరిహారమే వస్తుంది. తపాలా శాఖలో విలువ ప్రకటించి ఇన్సూరెన్స్ చేయించి పంపండి. కవరులో నాణెం కదలకుండా అట్టముక్కల మధ్య టేపుతో బిగించండి, గలగలమంటే లోపలేముందో దారిలో అందరికీ తెలుస్తుంది. పంపేముందు కాటా మీద బరువు, నాణెం మీది గీతలు, మచ్చలు, కవరు అంటించడం అంతా ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా తీసి పెట్టుకోండి. మంచి నాణెం ఉంచుకుని దాని స్థానంలో అరిగిపోయినదాన్ని వెనక్కి పంపి "ఇదే వచ్చింది" అనేవాళ్లు ఉన్నారు. అరిగిన రూపాయి బరువు కొంచెం తగ్గుతుంది కాబట్టి వీడియోలో 11.62 చూపించిన నాణెం 11.40గా తిరిగొస్తే మాట్లాడటానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.