పురుగుల్ని చూసి పారిపోయిన పిల్లలకు

పిల్లలూ,

మొన్న కుళ్లిన పండ్ల బుట్టలో పురుగుల్ని చూసి ముక్కు మూసుకుని పరుగెత్తారు కదా. మీ వయసులో నేనూ అంతే. కానీ అలాంటి పురుగుల్నే ఇప్పుడు చాలా దేశాల్లో పనిగట్టుకుని పెంచుతున్నారు, కోళ్లకూ చేపలకూ మేతగా.

ఎక్కువగా పెంచేది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లల్ని. పేరుకు ఈగే గానీ, మనం తినేవాటి చుట్టూ ముసిరే రకం కాదు. రెక్కలొచ్చాక దానికి తిండి ధ్యాస పెద్దగా ఉండదు. చిన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే కొద్దిరోజులు బతికి, కుళ్లే సరుకు పక్కన ఏ చెక్క పగులులోనో వందల గుడ్లు పెట్టి పోతుంది.

నాలుగు రోజులకు గుడ్లు పగులుతాయి. అప్పుడు చూడాలి ఆకలి! రసం తీసిన పండ్ల పిప్పి, అమ్ముడుపోని కూరగాయలు, ఏది వేసినా గుంపుగా మీదపడతాయి. ఆ గుంపు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. రెండు మూడు వారాల్లో ముదిరి, నల్లబడి, తిండి మానేసి, పొడిచోటు కోసం వాటంతట అవే తడిలోంచి పైకి పాకుతాయి. తొట్టికి ఏటవాలు అంచు పెట్టి, అవతల బకెట్ ఉంచితే చాలు, వచ్చి అందులో పడతాయి. పంట తానే నడిచి గాదెలోకి రావడం ఎక్కడైనా విన్నారా?

ఎండబెట్టిన పురుగులో దాదాపు 40 శాతం ప్రొటీన్. చేపల మేత కోసం సముద్రంలో చిన్న చేపల్ని పట్టి పొడి చేసేకన్నా ఇది నయం కదా! యూరోపియన్ యూనియన్ ఈ ప్రొటీన్‌ను చేపల మేతలో 2017లో, కోళ్లు, పందుల మేతలో 2021లో అనుమతించింది. తొట్టిలో మిగిలింది ఎరువు.

అలాగని అన్నీ తింటాయనుకునేరు. గడ్డి, ఊక లాంటి పీచు సరుకు ఒక్కటే వేస్తే ఎదగవు. మేతలో కాడ్మియం లాంటి విషపు లోహముంటే వాటి ఒంట్లో పేరుకుంటుంది, కాబట్టి ఏ చెత్త పడితే ఆ చెత్త వేయకూడదు. నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి: పురుగులు త్వరగా బలవాలని కొందరు కోళ్ల దాణానే తెచ్చి వేస్తారు. కోడి తినే గింజ పురుగుకు పెట్టి, ఆ పురుగును కోడికి పెడితే మధ్యలో కొంత హారతి కర్పూరమే. చెత్త తింటేనే ఈ పురుగుకు విలువ.

మన బుట్టలోవి ఏ రకమో నేనూ సరిగా చూడలేదు. తెల్లగా, నున్నగా, ఒక కొన సన్నగా ఉంటే మామూలు ఈగవి. చదునుగా, కణుపులు కణుపులుగా, మట్టిరంగులో ఉంటే నేను చెప్పినవే. చూసి, చేతులు కడుక్కుని వచ్చి చెప్పండి.

మీ తాతయ్య