పెరటి పిట్టలకు గుడ్డ మాటు

పిట్టల ఫొటోలు తీయడానికి మాటు, అంటే మనిషి దాగి కూర్చునే గుడ్డ గది, కట్టాలనుకున్నవారు ముందుగా ఆకుల బొమ్మలున్న ఖరీదైన బట్ట కోసం వెతుకుతారు. అది అవసరం లేదు. మాటు పిట్టలకు కనబడినా నష్టం లేదు, లోపల కదిలే మనిషి కనబడకూడదు. పెరట్లో కదలక నిలబడిన గోనెపట్టాకు పిగిలిపిట్టలు, గోరింకలు, ఉడుతలు కొన్నాళ్లలో అలవాటు పడతాయి. అందుకే మాటు కట్టి, వారం దాకా ఖాళీగా వదిలేయాలి.

6 అడుగుల వెదురు బొంగులు నాలుగు తెచ్చి, 4 అడుగుల చదరంలో అడుగు లోతున పాతండి. హైదరాబాద్ మొరం నేలలో గడ్డపార దిగని చోట్లు చాలా ఉంటాయి. అలాంటప్పుడు పాత పెయింటు డబ్బాలో బొంగు నిలిపి కాంక్రీటు పోస్తే సరి, డాబా మీదకీ ఇదే పద్ధతి. బొంగుల చుట్టూ, పైనా గుడ్డ కప్పి, అంచుల్ని ఇటుకలతో బిగించాలి. గాలికి ఒక్క కొస రెపరెపలాడినా పిట్టలు దగ్గరికి రావు. గుడ్డను సబ్బుపొడితో ఉతకవద్దు. చాలా పొడుల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం అతినీలలోహిత కాంతిని పీల్చి నీలంగా వెలుగుతుంది. అతినీలలోహిత కాంతి మనకు కనబడదు గానీ, చాలా పిట్టలకు కనబడుతుంది.

ఉదయం ఎండ మన వీపున ఉండాలి కాబట్టి మాటు తూర్పు పక్కన ఉండి, కెమెరా లెన్సు పెట్టే కన్నం పడమటికి తిరగాలి. అప్పుడే మగ తేనెపిట్ట ఈకల్లోని ఊదా మెరుపు పలుకుతుంది. ఆ మెరుపు వెలుగు పడే కోణాన్ని బట్టి వచ్చేది. చాలా మాటులు చెడేదీ ఇక్కడే. అదే ఎండ వెనక గుడ్డను దాటి, మన ఆకారాన్ని ముందు గుడ్డ మీద నీడగా వేస్తుంది. నర్సరీల ఆకుపచ్చ షేడ్‌నెట్ ఒక్కటే కడితే ఈ నీడ తప్పదు. వెనక, పైన రెండు పొరల గోనె, లోపల నల్లగుడ్డ వేసి చీకటి చేయాలి. లెన్సు మూతి కన్నం దాటి బయటికి రాకూడదు.

ఎదురుగా 4 మీటర్ల దూరంలో గరుకైన మట్టి మూకుడు పెట్టి, 3 సెం.మీ.కు మించకుండా నీళ్లు పోయండి. పక్కనే వాలడానికి ఒక ఎండుకొమ్మ నాటండి. 400 మి.మీ. లెన్సుతో, ఏపీఎస్-సీ సెన్సార్ (సుమారు 24 మి.మీ. వెడల్పుండే కెమెరా సెన్సార్) మీద 10 సెం.మీ. తేనెపిట్ట సుమారు 11 మి.మీ. పడుతుంది, దాదాపు సగం ఫ్రేము. షట్టరు 1/1000 సెకను కంటే నెమ్మదిగా ఉంటే ఫొటోలో రెక్కలు మసకబారతాయి. నీళ్లు రోజూ మార్చి, మూకుడు అంచులు తోమాలి. డెంగీ దోమ గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి.

ఇద్దరు లోపలికి వెళ్లి ఒకరు బయటికి వచ్చేస్తే, మాటు ఖాళీ అయిందని చాలా పిట్టలు నమ్ముతాయి. కాకులతో ఆ భరోసా లేదు.

గూటి ఎదుట మాత్రం మాటు వేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్నీ వేటగానే చూస్తుంది. పైగా ఏప్రిల్ ఎండలో తల్లి రెక్కల నీడ కొద్దిసేపు తప్పినా కూనలు వడలిపోతాయి.