చెరువు పునరుద్ధరణ: జేసీబీ దిగే ముందు తెలుసుకోవాల్సినవి

2015 మార్చిలో తెలంగాణలో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడికతీత అన్న మాట ఊరూరా నానింది. జేసీబీ దిగితే చెరువు బాగుపడినట్టే అన్న నమ్మకం కూడా దాంతోపాటే పాతుకుపోయింది. చెరువంటే గుంత కాదు. నీళ్లు తెచ్చే కాలువ, ఆపే కట్ట, పొలానికి వదిలే తూము, మిగులును పంపే మత్తడి, కింద ఆయకట్టు ఒకదానికొకటి లెక్క కుదిరి ఉంటాయి. ఒకటి కదిపితే మిగతావీ కదులుతాయి.

అపోహ: ఎంత లోతు తవ్వితే ఆయకట్టుకు అన్ని నీళ్లు.

తూము అడుగు మట్టానికి కింద ఉన్న నీళ్లు వాటంతటవి పొలానికి పారవు. అవి పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావులకు పనికొస్తాయి. అది తక్కువ లాభమేమీ కాదు, కానీ వరి పారకానికి లెక్క కట్టేటప్పుడు కలపకూడదు. ఖర్చు కూడా చూడాలి: ఎకరం మేర ఒక్క అడుగు తీస్తే 43,560 ఘనపుటడుగులు. ట్రాలీకి వంద ఘనపుటడుగులు పట్టినా 435 ట్రాలీలు దాటుతుంది. పైగా అడుగున ఉన్న సన్నటి బంకమట్టి పొరే నీళ్లను నిలబెడుతుంది. దాన్ని చీల్చి మొరం తేలేదాకా తవ్వితే నీళ్లు భూమిలోకి దిగిపోతాయి. కింది బోర్లు నిండొచ్చు, పంట చివరి తడికి మాత్రం చెరువులో నీళ్లుండవు. కట్ట పాదాన్ని ఆనుకొని తవ్వడం మరీ ప్రమాదం. ఆసరా పోయిన కట్ట, నీటి మట్టం గబగబా తగ్గినప్పుడు లోపలికి జారుతుంది. ఎక్కడిదాకా తవ్వాలో ఇంజనీరుతో ముగ్గు పోయించాకే యంత్రాన్ని దింపండి.

అసలు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: మత్తడి చివరిసారి ఎప్పుడు దుంకింది, అంటే చెరువు నిండి నీళ్లు మత్తడి మీదుగా ఎప్పుడు పారాయి? మంచి వానలు పడ్డ ఏళ్లలోనూ దుంకకపోతే జబ్బు చెరువులో కాదు, నీళ్లు తెచ్చే కాలువలో ఉంది. ఎవరో దున్నేసుకున్నారు, లేదా రోడ్డు కింద చిన్న పైపు వేసి సరిపెట్టారు. వానాకాలానికి ముందే కాలువ పొడుగునా నడిచి చూడాలి.

అపోహ: మత్తడి మీద రెండడుగుల గోడ కడితే రెండడుగుల నీళ్లు ఎక్కువ.

నీళ్లతో పాటు ప్రమాదమూ ఎక్కువే. నిండిన నీటికీ కట్ట తలకూ మధ్య వదిలిన ఎత్తు తగ్గుతుంది. పెద్ద వరద వస్తే నీళ్లు కట్ట మీద నుంచి పొర్లుతాయి. మట్టికట్ట అలా పొర్లితే నిలవదు. వెనక పట్టా భూములు మునుగుతాయి. ఒకదాని మిగులు ఇంకోదాన్ని నింపే గొలుసుకట్టు చెరువుల్లో కింది చెరువుకు మీ మత్తడి నీళ్లే దిక్కు కాబట్టి కొట్లాట ఆ ఊరితోనూ మొదలవుతుంది.

అపోహ: పూడిక మట్టి ఏ చేనుకైనా బంగారమే.

చల్క నేలకు, ఇసుక నేలకు నిజంగా మంచిదే; తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. నల్లరేగడికి ఆ మేలు దక్కదు, ఇంకా బిగుసుకుపోవచ్చు. ఎకరంలో అంగుళం మందం పరవాలంటే వంద ఘనపుటడుగుల ట్రాలీలు 36 కావాలి. తోలే ముందు ఉప్పు, చౌడు గుణం పరీక్ష చేయించండి. పట్టణం మురుగు కలిసే చెరువు మట్టి అయితే లోహాల పరీక్ష లేకుండా చేలో వేయొద్దు. ఈ మట్టినే కట్టకు వాడటం ఇంకో తప్పు, ఎండితే నెర్రెలిస్తుంది. కట్టకు తగిన మట్టిని ఎంచి, పాత వాలును మెట్లుగా కోసి, పలుచని పొరలుగా పోసి, తడిపి, రోలర్ తిప్పాలి. వాలు మీద ఊరికే కుమ్మరించిన మట్టి మొదటి వానకే జారుతుంది.

అపోహ: కట్ట కారితే బయటినుంచి బంకమట్టి మెత్తాలి.

ఇది ఊళ్లను ముంచే పొరపాటు. ముందు కారే నీటి రంగు చూడండి. తేటగా ఉండి, ధార పెరగకపోతే కనిపెట్టుకొని ఉంటే చాలు. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. బయట మూస్తే ఆ నీళ్లు ఇంకో దారి చీల్చుకుంటాయి. కారే చోట ముందు ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పరవాలి. నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది. వెంటనే అధికారులకు కబురు పెట్టి, కట్ట కింది ఇళ్లవాళ్లను ఖాళీ చేయించాలి. కట్టపై పెద్ద చెట్లను వద్దనేదీ ఇందుకే: చెట్టు చచ్చాక కుళ్లిన వేరు వదిలిన బొరియే నీటికి దారి.

అపోహ: పట్టణంలో వాకింగ్ ట్రాక్, లైట్లు పెడితే చెరువు బతికినట్టే.

మురుగు ఆగకుండా పెట్టిన లైట్లు గుర్రపుడెక్క మీద వెలుగుతాయి, అంతే. మురుగు మళ్లించడం మొదటి పని, వాన కాలువలను విడదీయడం రెండోది, సోకులు చివరివి. ట్రాక్ కోసం ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) లోపల మట్టి పోస్తే చెరువు ఆ మేరకు కుంచించుకుపోతుంది. అక్కడ నిలవాల్సిన నీళ్లు కింది బస్తీలోకి వస్తాయి. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పట్టణాల్లో 10 హెక్టార్లు, ఆపై చెరువులకు ఎఫ్‌టీఎల్ అవతల 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి.

అపోహ: చెరువు బాగుపడితే ఊరంతా సమానంగా బాగుపడుతుంది.

మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, తోలకం ఖర్చు రైతు పెట్టుకున్నాడు. ఇలాంటి పద్ధతిలో ట్రాక్టరున్నవాళ్ల చేలకే మట్టి ముందు చేరుతుంది. చిన్న రైతులకు వంతులు రాసి పెట్టాలి. శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక తేలే చెరువు నేలలో, సాగు చేసుకునేవాళ్లకు, పశువులు మేపేవాళ్లకు నీళ్లు నిలిచే కాలం పెరిగితే నేల దొరకదు. కుమ్మరికి కావలసిన బంకమట్టి ఎక్కడుందో తవ్వకానికి ముందే అడగాలి. చేపపిల్లలకు నీళ్లు నిలిచే మడుగు ఒకటి వదలాలి. తూము తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఎండాకాలంలో ఎంత నీరు మిగిల్చి మూయాలి అన్నది గ్రామసభలో రాతపూర్వకంగా తేల్చాలి. తూము తిప్పి నీళ్లు పంచే నీరటికి జీతం ఎక్కడినుంచి వస్తుందో ఆ కాగితంలోనే రాయాలి.