హుస్సేన్‌సాగర్ మీద ఎదురుగాలి పందెం

జులైలో ట్యాంక్‌బండ్ మీద నిలబడితే గాలి ముఖానికే కొడుతుంది. కట్ట సరస్సుకు తూర్పున ఉంది. నైరుతి ఋతుపవనాల గాలి దక్కను పీఠభూమి దాటుకుంటూ పడమటి నుంచి వస్తుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా లాంటి తెరచాప పడవల పోటీలను వానాకాలంలో పెట్టుకునేది ఈ గాలి కోసమే.

పందెంలో పడవలు చుట్టి రావాల్సిన మొదటి బోయాను (నీటి మీద తేలే గుర్తును) నిర్వాహకులు కావాలనే గాలి వచ్చే దిక్కున పెడతారు. అంటే ఏ పడవా సూటిగా చేరుకోలేని చోట! ముక్కు నేరుగా గాలికి పెడితే తెరచాప జెండాలా రెపరెపలాడి పడవ ఆగిపోతుంది. గాలి దిక్కుకు అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల దాకా ఇదే పరిస్థితి. అందుకే పడవలు కాసేపు కుడికీ, కాసేపు ఎడమకీ వంకర టింకరగా ఎక్కుతాయి. కట్ట మీద నుంచి చూసేవాళ్ళకు దారి తప్పినట్టు కనిపిస్తుంది గానీ, ఉన్న దారి అదొక్కటే.

గాలికి ఏటవాలుగానైనా ఎదురెళ్ళడం ఎలా సాధ్యం? వంపు తిరిగిన తెరచాప తన మీదుగా పోయే గాలిని పక్కకు మళ్ళిస్తుంది. గాలి దారి మార్చినందుకు ప్రతిగా తెరచాప మీద బలం పడుతుంది. అందులో ఎక్కువ భాగం పడవను పక్కకే తోస్తుంది. పడవ అడుగున నీళ్ళలోకి దించిన డాగర్‌బోర్డు అనే పలక ఆ పక్క తోపును అడ్డుకుంటుంది. గాలి ఒకవైపు నుంచి, నీళ్ళు మరోవైపు నుంచి నొక్కితే పడవ, వేళ్ళ మధ్య నొక్కిన తడి సపోటా గింజలా ముందుకు జారుతుంది. ఆ పలక లేకపోతే ఎంత మంచి తెరచాప కట్టినా పడవ గాలివాటుకు కొట్టుకుపోవాల్సిందే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది అదే. బోయా కిలోమీటరు దూరంలో ఉంటే, 45 డిగ్రీల వాలులో వెళ్ళే పడవ సుమారు 1.4 కిలోమీటర్లు నడవాలి. రెండు మలుపుల్లో వెళ్ళినా, ఇరవై మలుపుల్లో వెళ్ళినా మొత్తం దూరం అంతే. గాలి దిక్కు మారకుండా ఉంటే ఏ దారి ఎంచుకున్నా ఒకటే అన్నమాట. కానీ గాలి అలా ఉండదు. పక్కపక్కన 100 మీటర్ల ఎడంతో, బోయా వైపు సమానంగా సాగుతున్న రెండు పడవలను తీసుకోండి. గాలి 10 డిగ్రీలు తిరిగిందంటే, అది తిరిగిన వైపున ఉన్న పడవకు అక్కడికక్కడే సుమారు 17 మీటర్ల ఆధిక్యం వస్తుంది. ఒక్కరే నడిపే లేజర్ అనే రకం పడవ పొడవు 4.2 మీటర్లే కాబట్టి అది నాలుగు పడవల దూరం! ఎవరూ వేగం పెంచలేదు, ఎవరూ తప్పు చేయలేదు. సరైన పక్కన ఉండటమే గెలుపైంది.

మరి గాలి ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టవచ్చా? కొంతవరకు. నేల రాపిడి వల్ల కింది గాలి నెమ్మదిస్తుంది, దాని దిక్కు కూడా మారుతుంది. పై గాలి వేగంగా, భూమి ఉత్తరార్ధంలో అయితే గడియారం ముల్లు తిరిగే వైపు కాస్త తిరిగి వీస్తుంది. అది కిందికి విరుచుకుపడినప్పుడే మనకు ఉదుటుగా తగులుతుంది. కాబట్టి పడమటి గాలిలో ఉదుటు వాయవ్యం వైపు నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. నీటి మీద నల్లటి ముడతల మచ్చగా అది ముందే కనిపిస్తుంది. అయితే హుస్సేన్‌సాగర్ నగరం నడిబొడ్డున ఉంది. ఒడ్డున ఉన్న భవనాలు గాలిని చీల్చి సుడులు తిప్పుతాయి, పుస్తకాల లెక్క తరచూ తప్పుతుంది. సముద్రం మీద నేర్చుకున్నవాళ్ళకు కూడా ఈ సరస్సు కొత్త పాఠమే.

గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 14 నాట్లయితే తెరచాప మీద బలం దాదాపు రెట్టింపు. ఆ బలం పడవను పక్కకు ఒరిగిస్తుంటే, నావికులు కాళ్ళను పట్టీకింద బిగించి, నడుము దాకా పడవ బయటికి వాలి తమ బరువుతో దాన్ని నిలబెడతారు. పొట్ట కండరాలు మండిపోతాయి, ఉదుటు ఆగగానే లోపలికి రాకపోతే అటువైపే బోల్తా. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి సాంద్రత తీరంతో పోలిస్తే సుమారు 5 శాతం తక్కువ. అదే వేగంతో వీచినా ఇక్కడి గాలి ఆ మేరకు మెత్తగా నెడుతుంది.

బోయా చుట్టి వెనుదిరిగాక, చాలినంత గాలి ఉంటే, మరో చిత్రం చూడవచ్చు. నీళ్ళను చీల్చుకుపోయే పడవ తాను లేపిన అలల మధ్యే చిక్కుకుని ఒక వేగాన్ని దాటలేదు. లేజర్ పొడవుకు ఆ హద్దు గంటకు సుమారు 9 కిలోమీటర్లు. గట్టి ఉదుటు పట్టుకుంటే పడవ తన అలను ఎక్కి దాటి, నీటి పైన జారడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ హద్దు వర్తించదు.

ఈ లేజర్‌కు 1969లో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ నమూనా గీశాడు. ఒంటరిగా నడిపే ఈ పడవ బరువు 59 కిలోలు, దీనికి కట్టే రకాల్లో పెద్ద తెరచాప 7 చదరపు మీటర్లు. అన్నీ ఒకే అచ్చులో ఉండటమే దీని గొప్ప. డబ్బున్నవాళ్ళు మెరుగైన పడవ కొనుక్కుని గెలవలేరు. నేత్ర కుమనన్ 2021లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, సెయిలింగ్‌లో ఆ ఘనత దక్కించుకున్న తొలి భారతీయ మహిళ అయింది చిన్న తెరచాప కట్టే లేజర్ రేడియల్ అనే రకంలోనే. చిన్నపిల్లలకు 1947లో ఫ్లోరిడాలో పుట్టిన ఆప్టిమిస్ట్ ఉంది. పెట్టె ఆకారం, 35 కిలోలు. హుస్సేన్‌సాగర్ మీద బస్తీల పిల్లలు వాటిని నడుపుతుంటే చూడాలి. ఖరీదైన ఆట అన్న మాట అక్కడ నిలబడదు, నిలబడకూడదు కూడా.

పందేనికి 5 నిమిషాల ముందు మొదటి జెండా లేస్తుంది, తర్వాత ఇంకా 4 నిమిషాలు ఉండగా ఒకటి, ఒక నిమిషం ఉండగా మరొకటి సంకేతాలు. పడవకు బ్రేకులు లేవు. సమయానికి ముందే ప్రారంభ గీత దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. నీళ్ళ మీద ప్రతి మలుపునా కనిపెట్టుకుని ఉండే రిఫరీ సాధారణంగా ఉండడు. కుడివైపు నుంచి గాలి తగులుతున్న పడవకు, ఎడమవైపు గాలితో వచ్చే పడవ దారి ఇవ్వాలి. ఇవ్వక తప్పు చేసినవాళ్ళు తమంతట తామే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకోవాలి. పిల్లలు కూడా తిరుగుతారు.

గాలి ఇంత చంచలమైనప్పుడు ఒక్క పందెంతో గొప్పవాళ్ళెవరో తేలదు. అందుకే వరుసగా చాలా పందేలు పెట్టి, ఎన్నో స్థానం వస్తే అన్ని పాయింట్లు ఇచ్చి, తక్కువ మొత్తం వచ్చినవారిని గెలిపిస్తారు. అన్నిటికన్నా చెడ్డ ఫలితాన్ని సాధారణంగా తీసేస్తారు. ఆరు పందేల్లో ఒకరికి 1, 1, 8, 9, 1, 12 వచ్చాయనుకోండి. 12 తీసేస్తే మొత్తం 20. మరొకరికి 3, 3, 4, 2, 3, 5 వస్తే, 5 తీసేశాక 15. ఒక్క పందెంలోనూ మొదట రాని ఈ రెండో మనిషికే కప్పు.